పిల్లోణ్ణి చూడ్డానికి వచ్చిన పిల్ల

మా జ్ఞానేశ్వర్ రెజీనాతో మాట్లాడిన మొదటి మాటే అబద్ధం. పాపం, అది కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు.

అది రెండు వేల ఎనిమిది. కర్నూలు పక్కన కల్లూరులో పిండిమిషను పైన ఒక గది ఉండేది. నెలకొక ఆదివారం సోమక్క అక్కడ పిల్లలకు మీటింగు పెట్టేది. పిల్లలంటే పలకాబలపం పిల్లలు కాదు, పద్దెనిమిది దాటినవాళ్లు. చిన్నప్పటినుంచి హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు. ఇన్నాళ్లూ అమ్మో అవ్వో మామో చెయ్యి పట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోతే పోయారు. ఇప్పుడు మీసాలొచ్చాయి, చున్నీలొచ్చాయి. ఇకమీదట డాక్టరుతో వాళ్లే మాట్లాడాలి, మాత్రల వేళ వాళ్లే గుర్తుపెట్టుకోవాలి, హాస్టల్లోనో పనిలోనో ఎవరైనా కూపీ లాగితే వాళ్లే జవాబు చెప్పుకోవాలి. పెద్దాసుపత్రిలో కౌన్సిలరుగా పనిచేసే సోమక్క వాళ్లకు నేర్పేది అదే.

ఆమె రూలు ఒకటే. తోడొచ్చిన పెద్దోళ్లు మెట్ల కిందే ఉండాలి.

నేను జ్ఞానేశ్వర్ మేనమామను, శివప్రసాదును. కల్లూరులో నాకు సోడా ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే ఒక మిషను, ఒక నేను. వాడు కమలాపురంలో మా బావ రామకోటయ్య కొడుకు. ఎనిమిదేళ్ల వయసులో బస్సు బోల్తా పడి తొడకు పెద్ద గాయమైతే, దారిలో ఎక్కడో రక్తం ఎక్కించారు. ప్రాణం నిలిచింది, ఆ రక్తంతో ఇదీ వచ్చింది. కమలాపురంలో కిరాణా అంగడి నడిపే ఇల్లు కదా, ఊళ్లో తెలిస్తే ఎవరూ గడప తొక్కరని మా అక్కకు భయం. అందుకే కడప దగ్గరున్నా మందులకు కర్నూలే, నా దగ్గరికే పంపింది. కడపోళ్లు కర్నూలుకు, కర్నూలోళ్లు కడపకు. మైదుకూరు బస్టాండులో ఎదురుపడి, ఏం పనిమీదప్పా అంటే పెళ్లి పనిమీదప్పా అనుకొని పోయేవాళ్లు ఎంతమందో.

సరే, మెట్ల కింద ఉండమంది గానీ, మెట్ల మధ్యలో నిలబడితే కిటికీలోంచి అంతా కనబడుతుందని, వినబడుతుందని కనిపెట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

సోమక్క వాళ్లను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి నాటకం ఆడించేది. ఒకరు ఆరా తీసే రూమ్మేటు, ఒకరు జవాబు చెప్పేవాళ్లు. మావాని ఎదుట కూర్చున్న పిల్ల పేరు రెజీనా. పంతొమ్మిదేళ్లు. చామనచాయ, రెండు జడలు, కళ్లు మాత్రం పోలీసు కళ్లు.

"ఏం మాత్రలప్పా అవి?" అంది.

"విటమిన్లు," అన్నాడు మావాడు.

"దేనికి?"

"బలానికి."

"ఎన్నాళ్ల నుంచి మింగుతాండావు?"

"నాలుగేండ్ల నుంచి."

ఆమె వాణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసింది. వాడు పొడుగ్గా, సన్నగా, తడికెకు ఆనించిన వెదురులా ఉంటాడు.

"నాలుగేండ్లు బలానికి మింగి ఇట్ల ఉండావంటే, ఆ మందులంగడోడు నిన్ను మోసం చేసినాడు. లెయ్, పోయి కొట్లాడదాం."

గదంతా గొల్లుమంది. మెట్లమీద నేనూ నవ్వేశాను. సోమక్క కిటికీ రెక్క మూసేసింది. ఆ తర్వాత లోపల జరిగింది వాడు చెప్తే తెలిసింది. అబద్ధం చెప్తే దాన్ని మళ్లీ మళ్లీ మోయాల్సి వస్తుందని ఆమె వానికి నేర్పిందట. డాక్టరు రాసిచ్చినాడు, మింగుతాండా అని ఒక్క మాట చెప్పి, ఎదుటోడిని వాళ్లూరి వానల గురించి అడగాలట. చెప్పాల్సినవాళ్లకు నిజం చెప్పాలి, మిగిలినవాళ్లకు చెప్పి తీరాలని ఎక్కడా లేదట.

"శానా పొగరు ఆ పిల్లకు," అన్నాడు ఆటోలో.

తర్వాతి మీటింగు ఆదివారమైతే, శుక్రవారమే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. శనివారం గడ్డం గీసుకున్నాడు. ఆదివారం పొద్దున మళ్లీ గీసుకోవడానికి ఏమీ లేక, ఉన్న చోటే గీసుకొని కోసుకున్నాడు.

రెజీనాది కోసిగి. అమ్మానాన్నలు వలసకూలీలు. ఇద్దరూ ఆమె చిన్నప్పుడే పోయారు. ఉన్న ఒక్క అన్న కూలిపనుల వెంట ఊళ్లు తిరిగేవాడు. కొన్నాళ్లు ఒక పిన్ని ఇంట్లో, కొన్నాళ్లు ఇంకో బంధువు ఇంట్లో ఉండి, ఆఖరికి చర్చివాళ్ల హాస్టల్లో తేలింది. పద్దెనిమిది నిండితే హాస్టలు ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసి, ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి గది తీసుకొని, కర్నూల్లో బురుజు దగ్గర ఒక ప్రెస్సులో కంప్యూటరు మీద పెళ్లికార్డులు కంపోజు చేసే పనిలో కుదిరింది. దూరవిద్యలో డిగ్రీ కట్టింది. కొత్తగా పద్దెనిమిది దాటి బిక్కమొహాలతో వచ్చే పిల్లలకు సోమక్క కంటే ముందు ధైర్యం చెప్పేది ఈమే.

ఆసుపత్రిలో నెలనెలా మందులిచ్చే రోజు కూడా ఇద్దరిదీ ఒకటే పడింది. పడిందో, పడేట్టు చేసుకున్నాడో నాకు తెలియదు. అక్కడ బెంచీలమీద వాళ్ల నంబరు పిలిచేదాకా గుసగుసలు, గిల్లికజ్జాలు. తొమ్మిదిమందిని కూరే షేరాటోలో వాడు ఒక చెయ్యి బయట, ఒక కాలు బయట పెట్టి వేలాడుతూ ఆమెకు లోపల చోటిచ్చేవాడు. దిగాక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు. నేనుంటే ముగ్గురం తినేవాళ్లం, నేను పక్కకు తప్పుకుంటే వాళ్లు తినడం మర్చిపోయి మాట్లాడుకునేవాళ్లు.

ఒకనాడు ఆమె మావానితో ఒక మాట చెప్పిందట. జీవితాంతం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మింగాలంటే విసుగొచ్చిందని, నాలుగు రోజులుగా మింగడం లేదని. అందరికీ ధైర్యం చెప్పే పిల్ల ఆ రోజు మొహం చేతుల్లో పెట్టుకొని ఏడ్చింది. వాడు ఉపదేశం చెయ్యలేదు. పక్కన కూర్చొని, నాకూ అట్లే అనిపిస్తాది, పోయిన చవితికి నేనూ రెండు దినాలు ఎగ్గొట్టినా అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పోయి సోమక్కతో ఒప్పుకొని, చెరిసగం తిట్లు తిని వచ్చారు. అది విన్న రోజే, ఇంక ఈ కథలో నేను చెయ్యి పెట్టాల్సిన టైమొచ్చిందని నాకు తోచింది.

అదే నేను చేసిన తప్పు.

మా ఇళ్లలో సంబంధమంటే ముందు జాతకాలు చూస్తారు. వీళ్లకు ఏం చూడాలా అని ఆలోచించాను. రక్తంలో రోగాన్ని తట్టుకునే బలం ఎంతుందో చెప్పే కౌంటు ఒకటుంటుంది. మావానిది నాలుగొందల పన్నెండు. ఆమెది నాలుగొందల యాభై అని బెంచీమీద అనుకుంటుంటే విన్నాను. మాత్రలు ఇద్దరివీ ఒకే రకం. వేళలు ఎనిమిదీ ఎనిమిదీ. ఇంతకంటే పొంతన ఏ సిద్ధాంతి కుదర్చగలడు? కమలాపురానికి ఫోను కొట్టి మా అక్కకు చెప్పాను. అక్క చాలాసేపు ఏడ్చింది. మన కులం కాదు, మన దేవుడు కాదు, అయినా వానికింక ఎవరిస్తారురా, సర్దుకుందాంలే అంది.

నేరుగా అడిగితే నేను శివప్రసాదును ఎందుకవుతాను? మర్నాడు ప్రెస్సుకు పోయాను.

ముందు గదిలో ఓనరు హనుమన్న, లోపలి గదిలో కంప్యూటరు ముందు రెజీనా. పెళ్లికార్డు వేయించాలని చెప్పి ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నన్ను చూసి నవ్వి, ఎవరి పెళ్లి అంది. మా ఇంట్లోదే అన్నాను. చెప్పండి అని వేళ్లు కీబోర్డు మీద పెట్టింది. దేవుడి శ్లోకం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. కమలాపురం వాస్తవ్యులు శ్రీ రామకోటయ్య దంపతుల ఏకైక కుమారుడు, చిరంజీవి జ్ఞానేశ్వర్.

ఆ పేరు దగ్గర వేళ్లు ఆగాయి. తర్వాత ఒక్కొక్క అక్షరం ఏరుకున్నట్టు కొట్టింది. మొహం తెర వైపే ఉంది.

"పెళ్లికూతురు పేరు?" అంది. గొంతు సన్నబడింది.

ఆ గొంతు వినగానే నాకు హుషారు ఎక్కువైంది.

"చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి రెజీనా."

కీబోర్డు చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ముందు గదిలోంచి హనుమన్న తలెత్తి, ఏమాయెనమ్మా అన్నాడు. ఏంల్యా అన్నా, ఈయప్ప ముహూర్తం మర్చిపోయి వచ్చినాడు, కనుక్కొని వస్తాడంట అని లేచి, నన్ను కళ్లతోనే వీధిలోకి తోలింది. చెరుకురసం బండి పక్కన నిలబెట్టింది. ఆమె చెంపలు ఎర్రగా ఉన్నాయి. సిగ్గనుకున్నాను.

అక్కడైనా నేను నోరు మూసుకొని ఉంటే బాగుండేది. కౌంట్ల పొంతన చెప్పాను. మాత్రల పొంతన చెప్పాను. ఇద్దరికీ ఉండేది ఒకటే కాబట్టి ఒకరికొకరు దాచేదే లేదన్నాను. మా అక్క కూడా సర్దుకుంటుందని, అది పెద్ద వరమైనట్టు చెప్పాను.

ఆమె అంతా విన్నది. గొంతు పెంచలేదు.

"మీవోనికి ఈ జబ్బు లేకపోయింటే, మీరు నన్ను అడిగేకి వచ్చిందురా అన్నా?"

నేను చెరుకురసం బండోని వైపు చూశాను.

"రారు. మీ అక్క నా కులాన్ని సర్దుకుంటాది, నా దేవుణ్ణి సర్దుకుంటాది, కొడుక్కి ఇంకో పిల్ల దొరకదని నన్ను సర్దుకుంటాది. నేను చిన్నప్పటి నుంచి నన్ను సర్దుకునే ఇండ్లల్లోనే పెరిగినా. ఇంకొక ఇల్లు నాకొద్దు."

"అది కాదమ్మా..."

"ఇంకొక మాట. లోపల ఆయనకు నా సంగతి తెల్దు. మీరు నవ్వులాటకని వచ్చి ఒక్క మాట జారింటే, రేపు నాకు ఆ కుర్చీ ఉండదు. మీకు ఇంకొకరెవరన్నా దొరుకుతారు ఆట పట్టించేకి. నాకు ఇంకొక పని దొరకదు."

పోయి కంప్యూటరు ముందు కూర్చుంది. నేను కొట్టించిన కార్డును తుడిచేసి ఉంటుంది. నలభై మూడేళ్లలో ఎంతోమందిని ఏడిపించాను, అందరూ ఆఖరికి నవ్వినవాళ్లే. ఆ రోజు సోడా మిషను తిప్పుతుంటే చెయ్యి ఆడలేదు.

మావానికి చెప్పాల్సి వచ్చింది. వాడు అరవలేదు, కంచం మీదినుంచి లేచిపోయాడు. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"మామా, నువ్వు నా కోసం పిల్లను అడగలే. నా జబ్బు కోసం అడిగినావు."

ఈసారి ఆసుపత్రికి ఒక్కణ్ణే పోతాను, నువ్వు రావద్దన్నాడు. పదమూడేళ్లలో వాడు నేను లేకుండా ఆసుపత్రికి పోవడం అదే మొదలు. గేటుదాకా వెంట పోయి వెనక్కి వచ్చాను. ఇంటర్ పరీక్షకు పంపినట్టు అనిపించింది.

ఆ రోజు జరిగింది నాకు సోమక్క చెప్పింది. ఆమె కిటికీ వరండాకే తెరుచుకుంటుంది, మీటింగులో నా మొహం మీద కిటికీ మూసిన మనిషి ఆ రోజు మూయలేదట. ఆమె అబద్ధం చెప్పదు గానీ తగ్గించి చెప్తుంది. తగ్గించిన చోట నేను కలుపుకున్నాను.

హాల్లో మావాడు పోయి రెజీనా బెంచీలో కూర్చుంటే, ఆమె లేచి ముందు బెంచీకి పోయింది. వాడు అక్కడికి పోతే ఇంకో బెంచీకి. బెంచీలన్నీ అయిపోయాక వరండాలోకి పోయింది. అప్పుడే వాన పట్టుకుంది. మా సీమ వాన గొడుగు తెరిచేలోపు వచ్చి, మూసేలోపు పోతుంది. ఆ రోజు మాత్రం దానికీ ఈ కథ వినాలనిపించినట్టుంది, ముప్పావు గంట కదల్లేదు. ముందు వాన, వెనక వాడు. ఆమె చున్నీ తలమీదికి లాక్కొని గోడకు ఆనుకుంది. ఒక కన్ను వానమీద ఉంది, ఇంకొక కన్ను ఎక్కడుందో సోమక్క చూసింది.

మామ చేసింది తప్పని వాడు మొదలుపెట్టాడు. అది నాకు తెలుసు, దానికే వచ్చింటే పో అంది.

"దానికి రాలే. నువ్వు మామను అడిగిన మాటకు జవాబు చెప్పేకి వచ్చినా."

ఆమె మళ్లీ పొమ్మనలేదు.

"నాకు ఈ జబ్బు లేకపోయింటే, నేను కమలాపురంలో అంగట్లో బెల్లం తూకమేసుకుంటా ఉందును. నువ్వెవరో నాకు తెలిసేదే కాదు. అది నిజం, నేను కాదనను."

ఆమె మొహం వాన వైపు తిప్పుకుంది.

"కానీ లోపల చూడు. ఆ హాల్లో నలభై మంది ఉండారు. నీకు ఉండేదే అందరికీ ఉండాది. ఆర్నెల్ల నుంచి నేను యా బెంచీ మీద కూర్చుంటాండానో నువ్వు చూస్తానే ఉండావు. జబ్బే కారణమైతే యాడన్నా కూర్చుందును కదా."

ఆమె వాని వైపు తిరిగింది.

"మరి ఏం కారణం?" అంది.

ఇంత అడిగితే ఏ కుర్రాడైనా కళ్లంటాడు, నవ్వంటాడు. మావాడు ఏమన్నాడో వినండి.

"నువ్వు బజ్జీలో మిరపకాయ ముందు లాగి తినేస్తావు. పిండి చివరికి తింటావు. కండ్లల్లో నీళ్లొస్తా ఉంటే కూడా నీళ్లు తాగవు. అది చూసిన దినం నుంచి..." అని ఆగాడు. "మిగిలింది చెప్పేకి నాకు రాదు."

ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో సోమక్కకు కూడా అంతుచిక్కలేదు.

"ఇది మీ మామ నేర్పిచ్చినాడా?"

"మామకు ఇంత తెలివి యాడిది?"

ఈ ఒక్క మాటను సోమక్క నాకు తగ్గించకుండా చెప్పింది. మూడుసార్లు చెప్పింది.

వాన కొంచెం నెమ్మదించాక రెజీనా తన షరతు చెప్పింది. మీవాళ్లు పిల్లను చూసేకి రావద్దు, నేనే వస్తా, పిల్లోణ్ణి చూసేకి. మా అన్న వస్తాడు, సోమక్క వస్తాది. నేను మీ ఇంట్లో ఉన్నంతసేపూ జబ్బు మాట, మాత్రల మాట ఎవరూ ఎత్తకూడదు. అది పక్కన పెడితే నీలో ఏముండాదో, నాలో మీ అమ్మకు ఏం కనపడతాదో చూస్తా. ఎత్తినారంటే లేచి వస్తా.

సోమక్క నిజానికి అవన్నీ ముందే మాట్లాడేసింది. మా అక్కాబావలను ఆసుపత్రికి పిలిపించి, ఇద్దరూ మందులు సరిగ్గా మింగాలని, పెళ్లయినా జాగ్రత్తలు వదలకూడదని, డాక్టరు చెప్పినట్టు నడుచుకుంటే జబ్బు లేని బిడ్డను కనే వీలు బాగా ఉందని విడమరిచి చెప్పింది. ఆసుపత్రి మాటలు ఆసుపత్రిలో అయిపోయాయి. ఇక మిగిలింది ఇంటి మాటలు.

ఆ ఆదివారం కమలాపురంలో మా అక్క ఇంటిని చూసి ఉండాల్సింది. పిల్లను చూడ్డానికి పోవడం తెలుసు, పిల్లను చూపించడం తెలుసు. పిల్లోణ్ణి చూపించాలంటే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. మా బావ పట్టుపంచె కట్టి, మళ్లీ విప్పి, మామూలు పంచె కట్టాడు. అక్క వానికి పౌడరు రాసింది. నేను ఎక్కువైందని తుడిచాను. ఆమె మళ్లీ రాసింది.

బస్సు దిగి ముగ్గురూ వచ్చారు. రెజీనా అన్న యేసుప్రసాద్, కోసిగి నుంచి గుంటూరు, బెంగుళూరు తిరిగి కూలిపని చేసే మనిషి, చేతులు రంపాల్లా ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా బావతో అన్నాడు.

"శెట్టన్నా, మా పాపను అడిగేటోళ్లు ల్యాక మేము రాలేదు. పిల్లోడు ఎట్లాంటోడో చూసేకి వచ్చినాం."

"చూడండప్పా, చూసుకోవల్లసిందే," అన్నాడు బావ. అంగట్లో ఎంత గడుసు బేరగాడికైనా లొంగని మనిషి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

మావాడు బొరుగుల ఉగ్గానీ, బజ్జీల పళ్లెం తెచ్చాడు. వాడే చేశాడు. వాని అడుగడుగుకూ పళ్లెంలో బజ్జీలు చోటు మారుతున్నాయి. రెజీనా ఒక బజ్జీ తీసుకొని, వాని మొహం చూస్తూ, మిరపకాయ లాగి ముందు తినింది. వాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. యేసుప్రసాద్ నమిలి, ఉప్పు తక్కువ అన్నాడు. కొంచెం నడువప్పా, చూస్తాం అన్నాడు. మావాడు వాకిలిదాకా నడిచి వచ్చాడు. పాట మాత్రం పాడించొద్దండి, వీధి ఖాళీ అవుతుందని నేను మనవి చేసుకున్నాను.

అప్పుడు రెజీనా మా అక్క వైపు తిరిగి, మీ అబ్బాయి ఎట్లాంటోడమ్మా అని అడిగింది.

అక్క మొదలుపెట్టింది. "మావోడు చిన్నప్పుడు, ఎనిమిదేండ్లప్పుడు, బస్సు..." అని ఆగిపోయింది.

అక్క మళ్లీ నోరు తెరిచింది, మళ్లీ మూసింది. పదమూడేళ్లుగా కొడుకు గురించి మాట్లాడమంటే ఆమె దగ్గరున్న మాటలు జ్వరం, బరువు, దగ్గు, మందు. అవి తీసేస్తే ఆమెకు మొదటి మాట దొరకడం లేదు. రెజీనా తొందరపెట్టలేదు, అట్లే చూస్తూ కూర్చుంది.

"వాడు..." అంది అక్క. "వాడు శానా మొండోడు."

"అట్లనా?"

"అట్లనే. పుస్తకం పట్టుకుంటే పిలిచినా పలకడు. తడి తువ్వాల పరుపు మీద ఏస్తాడు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. అంగట్లో కూర్చోబెడితే పిల్లోల్లకు బెల్లం ముక్కలు పంచి పెడతాడు, వాళ్ల నాయన లేనప్పుడు. వానికి కోపం రాదమ్మా, వస్తే మాత్రం అన్నం తినడు. నిద్రలో నవ్వుతాడు. చిన్నప్పుడు నేను ఏడిస్తే, నా కొంగు తీసుకొని వాడే నా కండ్లు తుడిచేది."

చెప్తూ చెప్తూ అక్క ఆగింది. కొడుకు వైపు తిరిగి, వీడెప్పుడు ఇంత పొడుగైనాడు అన్నట్టు చూసింది. ఆ పక్కన మా బావ, బెల్లం సంగతి నాకెవరూ చెప్పలేదే అంటున్నాడు గానీ ఎవరూ వినడం లేదు.

తర్వాత అక్క రెజీనాను అడిగింది. ఊరు అడగలేదు, కులం అడగలేదు. నీకు ఏం కూరంటే ఇష్టమమ్మా అంది. వంకాయ తప్ప ఏదైనా అంది రెజీనా. మా ఇంట్లో వారానికి నాలుగు దినాలు వంకాయే అంది అక్క. అయితే మూడు దినాలు వస్తా అంది ఆ పిల్ల. అక్క నవ్వింది. మా అక్క పళ్లు నేను చూసి ఎన్నేళ్లయిందో.

పోయేముందు అక్క కుంకుమ భరిణె తెచ్చింది. మూత తీసి, వేలు పెట్టబోయి, ఆగి అడిగింది.

"పెట్టుకుంటావా?"

"పెట్టుకోనమ్మా. పూలు పెట్టుకుంటా."

అక్క భరిణె మూత పెట్టి పక్కనుంచి, కనకాంబరాల దండ తెచ్చి ఆమె జడలో తనే తురిమింది. అందులో సర్దుకోవడం ఏమీ లేదు. అడిగింది, చెప్పింది, అంతే.

మా బావ ఇంక ఆగలేకపోయాడు. మరి పిల్లోడు నచ్చినాడా అని అడిగేశాడు. మావాడు స్తంభం వెనక ఊపిరి బిగపట్టాడు.

రెజీనా చెప్పులు వేసుకొని, చున్నీ సర్దుకొని, ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఇంటికి పోయి జాబు రాస్తాం."

బావ నోరు తెరుచుకొని ఉండిపోయాడు. అక్క మొదట తడబడింది, తర్వాత నవ్వు ఆపుకోలేక గుంజ పట్టుకుంది.

"ఇరవై రెండేండ్ల కింద మీ మామ మా ఇంటికొచ్చి, నన్ను చూసి, ఇదే మాట చెప్పి పోయినాడు. ఇరవై దినాలు మా ప్రాణాలు తీసినాడు. బాగా అయింది."

బావను ఆ పిల్లతో మీ మామ అనేసిందని అక్కకు తెలియదు. రెజీనా విన్నది. వినీ విననట్టు బస్సెక్కింది.

జాబు పదకొండో రోజుకు వచ్చింది. ఆ పదకొండు రోజులూ మావాడు కర్నూలుకు పోకుండా కమలాపురంలోనే ఉండి, పోస్టుమాను సైకిలు గంట వింటే గల్లాపెట్టె వదిలి వీధిలోకి ఉరికేవాడు. ఆ రోజు మాత్రం చింతపండు మూటలు దించడానికి లోపలికి పోయాడు. ఇన్‌ల్యాండు కవరు మా అక్క చేతికి వచ్చింది. పైన ఆమె పేరే ఉంది.

అంగట్లో పదిమంది ఉన్నారు, సంత రోజు మరి. కొడుకు పేరెత్తితే గొంతు తగ్గించుకోవడం పదమూడేళ్ల అలవాటు మా అక్కకు. ఆ రోజు కవరు చింపి, అందరి మధ్యా నిలబడి, గట్టిగా చదివింది.

"అమ్మా, పిల్లోడు మాకు నచ్చినాడు. మా అన్నకు కూడా. వచ్చే ఏడు నా డిగ్రీ పరీక్షలు అయినాక, మీకు సమ్మతమైతే పెండ్లి పెట్టుకుందాం. వంకాయ సంగతి మర్చిపోవద్దు. రెజీనా."

ఎవరికమ్మా సంబంధం అని అడిగాడు పప్పు కొంటున్న గోపన్న.

"ఇంకెవరికి? మావోనికి," అంది అక్క. వీధి చివర వినపడేటట్టు.

లోపలినుంచి మావాడు చింతపండు చేతులతో పరుగెత్తుకొచ్చి, ఆ జాబు ఇటియ్యమ్మా, ఒకసారి చూస్తా అన్నాడు. అక్క దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఇది నాకు రాసింది. నీకు కావల్లంటే, పోయి నువ్వు రాయించుకో."